తేలిక బస్తాలు

నాగుల్ మీరా మీద చెయ్యి చేసుకోవాలని పోతురాజు ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు అనుకోలేదు. మాటతో పోయేదానికి చెయ్యెందుకు అనుకునే వచ్చాడు. కానీ ఫ్యాక్టరీ గేటు ఎదురుగా టీ బడ్డీ దగ్గర, తన హమాలీ ముఠా అంతా గ్లాసులు పట్టుకుని చూస్తూండగా, "పంపు కట్టుకుంటానని మేడంగారికి మాటిచ్చాను బావా, మాట తప్పను" అని నాగుల్ మీరా నిదానంగా అనేసరికి పోతురాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎడం చేత్తో చొక్కా పట్టి గుంజి, కుడిచేత్తో దవడ మీద ఒక్కటిచ్చాడు. బస్తాలు మోసి మోసి కాయలు కాసిన చెయ్యి అది. నాగుల్ మీరా బల్లకి కొట్టుకుని బల్లతో సహా వెల్లకిలా పడ్డాడు. గాజు గ్లాసులు భళ్లుమన్నాయి. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు మహానుభావుడు. పడినవాణ్ణి డొక్కలో ఒక తన్ను తన్నాడు. తన్నినప్పుడు కాలికి ఎముకే తగిలింది, మాంసం తగల్లేదు.

"లేవరా," అన్నాడు పోతురాజు. "లేచి కొట్టు."

నాగుల్ మీరా లేవలేదు. పక్కకి ఒరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, ఒక అరచెయ్యి పైకెత్తి ఉంచాడు. కొట్టొద్దని బతిమాలడం కాదది. ఆగు, ఊపిరి తీసుకోనీ, అని. నోరు తెరిచి గాలి లాగుతున్నాడు, అది లోపలికి పోవడం లేదు. గొంతులోంచి తడి గోనె చింపుతున్నట్టు చప్పుడొస్తోంది. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. మూతి నుంచి నెత్తురు చొక్కా మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. రెండో చెయ్యి నేలని గట్టిగా పట్టుకుని ఉంది.

"ఇంకోటి తగిలించు బాబాయ్," అన్నాడు వెనక నుంచి శ్రీను. వాడు పోతురాజు అన్న కొడుకు, ముఠాలో కుర్రకారుకి వాడే ముందు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కొట్టినవాడికి కోపం నిలవాలంటే కొట్టించుకున్నవాడు కనీసం తిట్టాలి. నాగుల్ మీరా తిట్టనూ లేదు, ఏడవనూ లేదు. బడ్డీ నడిపే తాతమ్మ నీళ్ల చెంబుతో వచ్చి, అతన్ని లేపి గోడకి ఆనించి కూచోబెట్టి, నెత్తురు కడిగింది. పోతురాజు వంక చూడకుండానే నీ చేతులు పడిపోను అంది. ముఠా మేస్త్రీని అంత మాటన్నా ఎవరూ ఆవిణ్ణి ఏమీ అనలేదు.

బందరు నుంచి బంటుమిల్లి పోయే రోడ్డులో ఉన్న ఆ ఫ్యాక్టరీకి బోర్డు మీద బారెడు పేరుంది గానీ జనం నోట్లో అది పేలాల ఫ్యాక్టరీ. లారీల్లో రాయి వస్తుంది. రేకులు రేకులుగా మెరుస్తూ ఉండే రాయి, వెర్మిక్యులైట్ అంటారు. దాన్ని కొలిమిలో పోస్తే పేలాలు వేగినట్టు చిటపటమని ఉబ్బి, బంగారు రంగు తిరిగి బయటపడుతుంది. ఐసు ప్లాంటు గోడల మధ్య పొయ్యడానికీ, కొలిమి ఇటికల్లోకీ, నర్సరీ కుండీల్లోకీ కొనుక్కుపోతారు. కొలిమి దగ్గర పని నాగుల్ మీరాది. రాయి దింపడం, వేగిన సరుకు సంచులకెత్తి లారీలకి ఎక్కించడం పోతురాజు ముఠాది.

ముఠావాళ్లకి ఈ ఫ్యాక్టరీ అంటే ప్రాణం. ఉప్పు బస్తా వీపు కొరుకుతుంది. ఎరువుల బస్తా చెమటతో కలిసి తోలు ఊడదీస్తుంది. ధాన్యం బస్తా నడుం విరగ్గొడుతుంది. రొయ్యల మేత మోసినవాడి పక్కన పెళ్లాం కూడా పడుకోదు. అదే వేగిన పేలాల బస్తా అయితే పసిపిల్లని ఎత్తుకున్నట్టు చంకనేసుకుని పోవచ్చు. సరుకు మంచిదో చెడ్డదో ముఠావాడు తన వీపుతో తేలుస్తాడు. బరువైంది చంపుతుంది, తేలికైంది సాకుతుంది. తాతల నాటి నుంచీ అదే వాళ్ల శాస్త్రం. ఆ శాస్త్రం నమ్ముకునే ఆ బస్తాల్ని మూతికీ ముక్కుకీ ఆనించుకుని గుండెలకి హత్తుకుని మోశారు. మధ్యాహ్నం అన్నాలు తిని వాటి మీదే ఒక కునుకు తీశారు. శ్రీను అయితే ఒక సంచి ఇంటికి పట్టుకుపోయి దిండ్లే కుట్టించాడు.

అలాంటి చోటికి హిమబిందు గారనే ఆఫీసరు వచ్చింది. ఈ రాయి వాడే ఫ్యాక్టరీలన్నీ వరసగా చూసుకుంటూ వస్తోందట. గుడివాడ అవతల ఇలాంటిదే ఒకటి ఆవిడ చూసి వెళ్లాక దానికి తాళం పడింది. ఆవిడ చెప్పిందేమిటంటే, ఈ రాయి అంతా చెడ్డది కాదు. కొన్ని గనుల్లో మాత్రం ఆస్‌బెస్టాస్ కలిసి ఉంటుంది. కంటికి కనపడని సూదుల్లాంటి పీచు. పీలిస్తే ఊపిరితిత్తుల్లో దిగబడి బయటికి రాదు. పైకి తేలేసరికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది, తేలాక మందు లేదు. పోతురాజు ఆవిడ ముందే నవ్వాడు. మా ఇళ్ల మీద కప్పులన్నీ ఆ రేకులేగదండీ, ఎవరు చచ్చారు అన్నాడు. రేకు రేకుగా ఉన్నంతసేపూ వేరు, పొడి అయి గాల్లో లేస్తే వేరు అని ఆవిడ ఓపిగ్గానే చెప్పింది. ఇక్కడ ఉందో లేదో నాకూ తెలీదు, తెలుసుకుందామనే వచ్చాను అని కూడా అంది. దానికి ఒకటే దారి. కొలిమి దగ్గర పనిచేసే మనిషి చొక్కా కాలరుకి అగ్గిపెట్టెంత బిళ్ల తగిలించి, నడుముకి చిన్న పంపు కట్టుకుని షిఫ్టంతా పనిచెయ్యాలి. అతను పీల్చే గాలినే అదీ పీలుస్తుంది. ఎవరినీ బలవంతపెట్టకూడదు, ఇష్టపడి ముందుకి రావాలి. నాగుల్ మీరా ఒక్కడే చెయ్యెత్తాడు. ఆ పూట ఆవిడ కారు గేటు దాటుతూండగా వెనక అద్దం భళ్లున పగిలింది. రాయి వేసింది శ్రీను అని అందరికీ తెలుసు. ఆవిడ దిగి, సీట్లో పడ్డ గాజుముక్కలు దులుపుకుని, గురువారం వస్తాను అని చెప్పి మరీ వెళ్లింది.

అందుకే ఆ గురువారం లోపల నాగుల్ మీరా చేత కాదనిపించాలి. మేనేజరు భూషణం పోతురాజుని ఏసీ గదిలోకి పిలిచి, కుర్చీ వేయించి మరీ చెప్పిన మాట అది. ఫ్యాక్టరీ మూతబడితే నాకేముందయ్యా, నెల్లూరో ఒంగోలో ఇంకో ఉద్యోగం చూసుకుంటాను, మీ ముఠా మళ్లీ ఉప్పు కొట్లకి పోవాలి అన్నాడు. ఆ మాట పోతురాజు గుండెల్లో గుచ్చుకుంది. అతని ముఠాలో నడుం వంగినవాళ్లు సగం మంది ఉన్నారు, వాళ్లింక ఉప్పు మొయ్యలేరు.

ఇప్పుడు కొట్టడం అయింది గనక భూషణం గేటు దాకా ఎదురొచ్చి భుజం తట్టాడు. మిగతా జాగ్రత్తలు కూడా చెప్పాడు. గురువారం తెల్లారుతూనే షెడ్డంతా నీళ్లు కొట్టించాలి, రాయి మీద కూడా తడి ఉండాలి. ఆ రోజు నల్లరాయే కొలిమికి పొయ్యాలి. వెనక టార్పాలిన్ కింద ఉన్న బూడిదరంగు రాయి జోలికి ఎవరూ పోకూడదు. నల్లరాయి అసలు గని నుంచి బిల్లుతో వచ్చేది. బూడిదరంగుది చవగ్గా ఎక్కణ్ణుంచో వచ్చేది, పేరూ ఊరూ లేనిది. ఏడాది పొడుగునా కొలిమిలో ఎక్కువగా వేగేది అదే. ఈ సంగతి హిమబిందు గారికి చెప్పింది కూడా నాగుల్ మీరాయే.

*

పోతురాజు ఇంటికెళ్లేసరికి పెళ్లాం కనకరత్నం పెరట్లో కత్తిపీట ముందు కూచుని చేపలు కోస్తోంది. అమ్మగా మిగిలిన బొమ్మిడాయిల్ని బూడిదలో పొర్లించి, పట్టు దొరికించుకుని, తలకాయలు టకటకా తెగ్గొడుతోంది. చిలకలపూడి మార్కెట్లో కూచునే మనిషి. బందర్లో ఏ చీమ చిటుక్కుమన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది.

"వాడు తిరిగి కొట్టాడా?" అంది తలెత్తకుండా.

"లేదు."

"మరదేం కొట్లాట?"

 నీకేం తెలుసు, మేస్త్రీగా నా వెనక యాభై కొంపలున్నాయి అని పోతురాజు ఏదో అనబోయాడు. కనకరత్నం కత్తిపీట మీద నుంచి కాలు తియ్యకుండానే అందుకుంది. నిక్షేపంలాంటి మనిషి రోజూ నా దగ్గర చేప కొనుక్కుని సైకిలు తొక్కుకుంటూ పోయేవాడు, ఇప్పుడు వాళ్లావిడ మహమూదా రిక్షాలో కూచోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్తంది, మార్కెట్టు మెట్లెక్కడానికి మజిలీలు చేస్తన్నాడు, అట్టాంటోణ్ణి పడగొట్టి మగాణ్ణనిపించుకున్నావా అని కడిగి పారేసింది. అన్నం పెట్టలేదనడానికి లేదు. పెట్టింది. పులుసు పొయ్యలేదు. పోతురాజు కంచం విసిరికొట్టాడు. అది గోడకి తగిలి చొట్టబోయింది. కనకరత్నం చేపల నీళ్లు సందులోకి విసిరికొట్టి లోపలికెళ్లిపోయింది. అతనికి ఆ పూట అన్నం లేదు, నిద్రా లేదు. కళ్లు మూస్తే పైకెత్తిన ఆ అరచెయ్యే కనపడుతోంది. ఇరవై ఏళ్ల స్నేహంలో వాళ్లిద్దరూ తన్నుకున్నది ఇది మొదటిసారేమీ కాదు. లారీ టాపు మీద, లాకుల దగ్గర, పీర్ల పండగ జనంలో కూడా తన్నుకున్నారు. ప్రతిసారీ ఒకటి పడితే ఒకటి ఇచ్చేవాడు నాగుల్ మీరా. పోతురాజు ముందు పన్ను ఒకటి విరిగి ఉంటుంది, అది అతని చలవే.

తెల్లారాక, ఎటు పోతున్నాడో తనకే తెలీనట్టు నడిచి, నాగుల్ మీరా ఇంటి ముందు తేలాడు.

మహమూదా వీధరుగు మీద కూచుని బియ్యం చెరుగుతోంది. అతన్ని చూసి చేట పక్కన పెట్టి లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఏం పోతురాజన్నా, నిన్న ఏమన్నా మిగిలిందా, ఇవాళ పూర్తి చేద్దామని వచ్చావా అని అడిగింది. కేకలు వెయ్యలేదు, మామూలుగానే అడిగింది. అది ఇంకా బాధగా ఉంది పోతురాజుకి. లోపల నుంచి నాగుల్ మీరా రానీవే అన్నాక తప్పుకుంది.

మంచం మీద పడుకుని లేడు నాగుల్ మీరా. పడుకుంటే ఊపిరాడదట. రెండు దిళ్లు వీపుకి పెట్టుకుని కూచున్నాడు. దవడ వాచి ఒక కన్ను సగం మూసుకుపోయింది. చొక్కా లేదు. పక్కటెముకలు ఒక్కొక్కటీ బయటికి కనపడుతున్నాయి, ఒక చోట చర్మం నల్లగా కమిలి ఉంది. అది తన కాలి గుర్తని పోతురాజుకి తెలిసింది. కూచోమంటే కూచోలేదు. నిలబడే చెప్పాడు. నీ పంపు వల్ల ముఠా రోడ్డున పడుతుంది, పోయి పోయి మాకే ఎసరు పెట్టావు, నీకు మామీద ఏం కక్ష అన్నాడు. అన్నీ అన్నాక అతనికే ఆ మాటలు చప్పగా అనిపించాయి.

నాగుల్ మీరా మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. "డాక్టరు ఫోటో తీసి, లోపల పొర గట్టిపడింది, ఏం పీల్చావయ్యా అన్నాడు. నాకు తెలీదు బావా. బీడీ కూడా తాగనోణ్ణి. పోయేది ఎటూ పోద్ది. ఏం తిని పోతన్నానో తెలుసుకోవద్దా?"

 పోతురాజు వంగి తన మొహాన్ని అతని ముందు పెట్టాడు. "కొట్టరా. నిన్నటిది బాకీ ఉంది. కొట్టెయ్, పోద్ది."

వద్దన్నాడు నాగుల్ మీరా. పోతురాజు వినలేదు. కొడితేగానీ కదలనన్నాడు. మొండి వెధవ, అలా ఎంతసేపైనా నిలబడగలడు. గుమ్మంలో ఉన్న మహమూదా కొట్టండి, అడుగుతున్నాడుగా, కొట్టండి అంది. అప్పుడు నాగుల్ మీరా మంచం అంచు ఎడం చేత్తో పట్టుకుని, ముందుకి జరిగి, ఊపిరి బిగపట్టి, కుడిచెయ్యి వెనక్కి తీసుకెళ్లి కొట్టాడు. అతని మెడ నరాలు ఉబ్బాయి, వాచిన మొహం ఇంకా ఎర్రబడింది. ఉత్తుత్తి దెబ్బ కాదు, కసి తీరా కొట్టిన దెబ్బే.

పోతురాజు చెంపకి అది ఈగ వాలినట్టు కూడా అనిపించలేదు.

"అంతేనా?" అన్నాడు తెలీకుండానే.

"అంతే బావా. ఉన్నదంతా అదే."

అని వెనక్కి దిళ్ల మీదికి పడిపోయి దగ్గసాగాడు. మహమూదా పరుగున వచ్చి వీపు నిమరసాగింది. పోతురాజు బయటికొచ్చి సందు చివర గోడ పట్టుకుని నిలబడ్డాడు.  బస్తా ఎత్తినప్పుడల్లా దాని బరువెంతో చెప్పగలిగే మనిషి. ఆ చేతిలో బరువు లేదని తన చెంప చెప్పింది. ఇంకెవరు చెప్పినా నమ్మేవాడు కాదు. వెర్రివెధవని, వెర్రివెధవని అని తల గోడకేసి కొట్టుకున్నాడు. నుదురు చిట్లింది. సందులో పోతున్నవాళ్లు తాగాడనుకుని తప్పుకుపోయారు.

*

గురువారం షెడ్డు పెళ్లివారి వాకిలిలా ఉంది. ఊడ్చే ఆడవాళ్లు పొద్దున్నే బకెట్లతో నీళ్లు కుమ్మరించారు. నల్లరాయి తడిసి నిగనిగలాడుతోంది. హిమబిందు గారు కారు దిగి, తడి నేలనీ, వెనక టార్పాలిన్‌నీ, ముఠా మొహాల్నీ ఒకసారి చూసింది. కారుకి వెనక అద్దం ఇంకా వెయ్యించలేదు, ప్లాస్టిక్ పట్టా అంటించి ఉంది. నాగుల్ మీరా ఏడీ అని అడిగితే ఒంట్లో బాగాలేదండీ అన్నాడు భూషణం, నిజంగా జాలిపడుతున్నవాడిలా. ఇంకెవరైనా కట్టుకుంటారా అని ఆవిడ అందర్నీ అడిగింది. అందరూ కాళ్ల వేళ్లు చూసుకున్నారు. ఆవిడ పెట్టె మూత పెట్టబోయింది.

"నాకు కట్టండి," అన్నాడు పోతురాజు.

శ్రీను కిసుక్కున నవ్వాడు. ముఠా అంతా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వు ఆపుకున్నారు. మేస్త్రీ బుర్రే బుర్ర అనుకున్నారు. పంపు కట్టుకుని రోజంతా ఆ తడినేల మీద తిరిగితే దుమ్ము లేదు, గిమ్ము లేదు, ఆఫీసరు తెల్లమొహం వేసుకుని పోతుంది. భూషణం కూడా అదే అనుకుని, మా మేస్త్రీ చాలా బాధ్యత గల మనిషండీ అన్నాడు. హిమబిందు గారికి నమ్మకం కలగలేదు. అయినా నిబంధన ప్రకారం ముందుకొచ్చినవాణ్ణి కాదనలేదు. కాలరుకి బిళ్ల బిగించింది. పంపు నడుముకి కట్టి మీట నొక్కింది. చెవి దగ్గర కందిరీగ ఉన్నట్టు సన్నగా మోగింది. బిళ్లని చేత్తో ముయ్యకూడదు, గాలి ఆడాలి, నలగకూడదు, షిఫ్టు అయ్యేదాకా తియ్యకూడదు అని చెప్పింది. ముక్కుకి గట్టి మాస్కు ఇచ్చి, ఇది తీస్తే పంపు కూడా తీసేస్తాను అంది.

కొంతసేపు అందరూ అనుకున్నట్టే నడిచింది. పోతురాజు తడి రాయి తెచ్చి తొట్లో పోశాడు. కొలిమి చిటపటలాడింది, సరుకు వచ్చింది, సంచులు నిండాయి. తర్వాత అతను కొక్కెం తీసుకుని షెడ్డు వెనక్కి నడిచాడు. టార్పాలిన్ ఒక్క గుంజు గుంజి అవతల పడేశాడు. బూడిదరంగు రాయి బస్తాకి కొక్కెం వేసి వీపు మీదికి ఎత్తుకున్నాడు. కొలిమి దగ్గరకొచ్చి, ఊడ్చే ఆడవాళ్లనీ తన ముఠానీ బయట గాలికి పొమ్మన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. ఆడవాళ్లు వెళ్లారు గానీ ముఠా కదల్లేదు. బాబాయ్ అది కాదు, పొరపాటున ఎత్తుకొచ్చావు అన్నాడు శ్రీను. పొరపాటేం కాదురా అన్నాడు పోతురాజు. హిమబిందు గారి వైపు తిరిగి, ఏడాదంతా మేం వేయించేది ఇదేనండీ, నాగుల్ మీరా పీల్చింది ఇదే అన్నాడు. భూషణం అది తిరగ్గొట్టిన సరుకండీ అని అడ్డం వచ్చాడు. ఆవిడ ఒక్క మాటే అంది. మామూలుగా వాడే సరుకే అయితే నేను ఆపమనను, వెయ్యమనీ అనను.

ఎండిన రాయి తొట్లో పడింది. కొలిమి మూతి నుంచి పొగలాగా దుమ్ము లేచి, రేకుల సందుల్లోంచి పడుతున్న ఎండలో మెరుస్తూ షెడ్డంతా కమ్మింది. ఇన్నేళ్లూ అందులోనే అన్నాలు తిన్నారు, అందులోనే నవ్వుకున్నారు. పోతురాజు రెండో బస్తాకి వెళ్లాడు. మూడోదానికి వెళ్లాడు. భూషణం చెమటలు తుడుచుకుంటూ, కాగితాలు చూద్దురుగాని రండి అని హిమబిందు గార్ని ఆఫీసు గదిలోకి తీసుకెళ్లాడు. వెళ్తూ వెళ్తూ శ్రీను వంక ఒక చూపు చూశాడు. నోరు విప్పి చెప్పాల్సిన పనేముంది, ఆ చూపు చాలు.

ముందు మాటలతోనే మొదలైంది. మా కూట్లో మట్టి కొడతావా అన్నారు. పంపు విప్పెయ్యమన్నారు. పోతురాజు నాలుగో బస్తా భుజం మీద పెట్టుకుని వాళ్ల మధ్య నుంచి నడవబోయాడు. ఎవడో కాలు అడ్డం పెట్టాడు. బస్తాతో సహా బోర్లా పడ్డాడు. పడుతూనే మొదటి దెబ్బ వీపు మీద పడింది. పారతో కొట్టారది. శ్రీను కాలరు వైపు చెయ్యి పెట్టాడు. పోతురాజు వాణ్ణి ఒక్క తోపు తోశాడు, వాడు తొట్టికి కొట్టుకున్నాడు. ఆ తోపు తోసినప్పుడు పంపు గొట్టం కొలిమి కమ్మీకి తగులుకుని ఊడిపోబోయింది. చేతులాడిస్తే అది ఊడుతుందని పోతురాజుకి అర్థమైంది. ఇక చెయ్యి ఎత్తలేదు.

మోకాళ్ల మీద ముడుచుకుని కూచున్నాడు. రెండు ముంజేతులూ గుండె ముందు, గాలికి దీపం ఆరకుండా అడ్డం పెట్టినట్టు, బిళ్లకి తగలకుండా గుల్లగా పెట్టుకున్నాడు. మీద పడ్డారు. పిడికిళ్లతో, కాళ్లతో, సంచులు కట్టే మోకుతో. మోచెయ్యి దగ్గర ఏదో పుటుక్కుమంది. మాస్కు చిరిగి మెడలోకి జారింది. చెవి మీద తగిలిన దెబ్బకి లోకమంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో, రెండో చెవికి, పంపు మోత సన్నగా వినిపిస్తూనే ఉంది. కొట్టండ్రా, బిళ్ల మీద మాత్రం కొట్టకండి అన్నాడు. అది వాళ్లకి ఇంకా కోపం తెప్పించింది. అందరికంటే ఎక్కువ కొట్టింది శ్రీనే. కొడుతూ కొడుతూ ఏడుస్తున్నాడు. కొట్టు బాబాయ్, తిరిగి కొట్టవేంటి అని అరుస్తున్నాడు. బందరు లాకుల నుంచి కృత్తివెన్ను దాకా పోతురాజు చేతి దెబ్బకి పేరుంది. ఆ మనిషి కొట్టకుండా కూచునేసరికి వాళ్లకేం చెయ్యాలో తోచలేదు. మెల్లమెల్లగా దెబ్బలు పలచబడ్డాయి. ఒకడు పార కింద పడేశాడు. ఇంకొకడు తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ బయటికెళ్లిపోయాడు.

కేకలు విని హిమబిందు గారు పరిగెత్తుకొచ్చేసరికి పోతురాజు ఇంకా అలాగే ముడుచుకుని ఉన్నాడు. కనుబొమ్మ పగిలి నెత్తురు గడ్డం మీద నుంచి కారుతోంది. ఆవిడ సంచిలోంచి ఫోన్ తీసింది. పోలీసులకి ఫోన్ చేస్తాను అంది. వద్దండీ, మావాళ్లే అన్నాడు. అయితే ఆస్పత్రికి పద, ముందు ఇది తీసేస్తాను అని కాలరు వైపు చెయ్యి చాపింది. పోతురాజు వెనక్కి జరిగాడు.

"ఆగిందాండీ?"

ఆవిడ వంగి చూసింది. గొట్టం చూసింది, బిళ్ల చూసింది. ఆగలేదు అంది.

"షిఫ్టు అయ్యేదాకా ఉండాలన్నారు గదా. ఉండనీయండి."

ఆవిడ చాలా చెప్పి చూసింది. చెయ్యి విరిగినట్టుంది, ఈపాటికి పట్టింది చాలు అంది. చాలునో చాలదో మీరు రేపు చెప్తారు, చాలదంటే మళ్లీ ఇక్కడ ఎవరు కట్టుకుంటారండీ అన్నాడు.  ఆవిడ ఇంకో మాస్కు తెచ్చి తనే అతని మొహానికి కట్టి, ఇక అక్కణ్ణుంచి కదలకుండా కొలిమి పక్కనే నిలబడింది. భూషణం మళ్లీ పిలిచినా వెళ్లలేదు.

పోతురాజు ఒంటిచేత్తో కమ్మీ పట్టుకుని లేచాడు. శ్రీను తొట్టికి ఆనుకుని ఎగపోస్తున్నాడు. పిడికిలి చిట్లింది. చిన్నాన్న మొహం చూడలేక కొలిమి వంక చూస్తున్నాడు.

"అందులో ఏం లేదని తేలితే?" అన్నాడు చివరికి. "అప్పుడేం చేత్తావ్?"

"మీ పని మీకుంటది. నేను పోయి నాగులు కాళ్ల మీద పడతా."

"ఉందని తేలితే?"

"అప్పుడూ ఆ కాళ్ల మీదేరా."

 పోతురాజు కొక్కెం కోసం నేల మీద వెతుక్కుని, నాలుగో బస్తా దగ్గరికి వెళ్లాడు. అది పడినప్పుడు చిరిగి సగం రాయి బయటికి ఒలికింది. ఒక చెయ్యి పనిచెయ్యడం లేదు గనక కూచుని, రెండో చేత్తో చారెడు చారెడుగా తొట్లోకి ఎత్తిపొయ్యసాగాడు.